దీపం – మసి – కాటుక

తెలుగువానికి దుఃఖాన్ని గురించి చెప్పుకొనేందుకు మాటల కొరత ఎన్నడూ లేదు. దిగులు వేరు, బెంగ వేరు, చింత వేరు, వగపు వేరు. ఊరు విడిచి హాస్టలులో చేరిన పిల్లవానికి పుట్టేది బెంగ. దానికి కారణమూ ఉన్నది, మందూ ఉన్నది. శనివారం నాడు ఇంటికి పోయే బస్సే ఆ మందు. నాట్లు వేసిన తరువాత మబ్బు మొగం చాటేస్తే రైతును పట్టుకొనేది దిగులు. వాన పడిన నాడు అది పోతుంది. ఈ మాటలలో ఏదీ సరిగా అతకని స్థితి మరొకటి ఉన్నది. అది కారణం తొలగినా తొలగదు. ఒక్కొక్కప్పుడు దానికి కారణమే కానరాదు. తిండి రుచించదు. నిద్ర పట్టదు, పట్టినా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. ఇష్టమైన పని కూడా బరువవుతుంది. నేటి వైద్యులు దీనికి ‘కుంగుబాటు’ అని పేరు పెట్టినారు. ఎవరు పెట్టినారో గాని మంచి పేరు. కుంగడమన్న మాటను మనం మొదట వాడేది పునాదికి, గోడకు, బరువెక్కిన దూలానికి. ఆ తరువాతనే మనిషికి. ఆ మాటలో కన్నీరు లేదు, బరువు మాత్రమే ఉన్నది. ఈ వ్యాధిని అనుభవించినవారు ఆ తేడాను ఇట్టే గ్రహిస్తారు.

భరతముని నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలను లెక్కపెట్టినాడు. ఆ పట్టికలో మొదటిది నిర్వేదం, రెండవది గ్లాని. విషాదం, దైన్యం, చింత, జడత అందులోనివే. వాటి సరసనే శ్రమ, ఆలస్యం, నిద్ర, అపస్మారం, వ్యాధి కూడా కూర్చున్నవి. (ఆలస్యమంటే అక్కడ సోమరితనం; రైలు ఆలస్యం కాదు.) ప్రతి సంవత్సరమూ ఈ పాఠం చెప్పేటప్పుడు వెనుక బల్లమీది విద్యార్థి ఎవడో ఒకడు లేచి, “నిద్రా, వ్యాధీ శరీరానికి సంబంధించినవి గదా మాస్టారూ, అవి భావాలెట్లా అయినవి?” అని అడుగుతాడు. ఇరవై అయిదేళ్ళుగా నేను దానికి ఏదో ఒక సమాధానం చెప్పి గంట కొట్టేదాకా నెట్టుకొని వచ్చినాను. భగవద్గీత మొదటి అధ్యాయానికి పేరే అర్జున విషాద యోగం. అక్కడ అర్జునుడు చెప్పుకొనే లక్షణాలు చూడండి: అవయవాలు పట్టు తప్పడం, నోరు ఎండిపోవడం, ఒళ్ళు వణకడం, చర్మం మండడం, చేతిలోని విల్లు జారిపోవడం. అన్నీ ఒంటికి సంబంధించినవే. పాఠం చెప్పినంత కాలమూ ఈ సంగతి నాకు కంటికి కనబడినది గాని మనస్సుకు ఎక్కలేదు.

2021 వేసవిలో, మా కళాశాలలో నాతోపాటు ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మిత్రుడు కరోనాతో పోయినాడు. నెల తిరగకుండా మా అన్నయ్య పోయినాడు. ఏడవవలసినంత ఏడ్చినాను, లోకరీతిగా తేరుకొన్నాననే అనుకొన్నాను. కళాశాల మరల తెరిచినారు. ఆ యేడు కార్తికంలో గాని ఏదో తప్పినదని నాకు తెలియలేదు. ఒక పద్యాన్ని నాలుగుమార్లు చదివినా అన్వయం కుదరదు. పిల్లల కాగితాలు దిద్దడానికి కూర్చొని, ఎర్ర సిరా కలం పట్టుకొని, మొదటి కాగితం మీదనే గంటసేపు చూపు నిలిపి ఉండిపోయేవాణ్ణి. “ఏమండీ, ఒంట్లో బాగోలేదా?” అని మా ఇంటావిడ అడిగితే, బాగానే ఉన్నదని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. జ్వరం లేదు, నొప్పి లేదు. వయస్సు మీద పడుతున్నదనుకొన్నాను. మనస్సును గట్టి చేసుకోలేని నా చేతకానితనమనుకొన్నాను. పిల్లలకు ధైర్యం చెప్పవలసిన వృత్తిలో ఉన్నవానికి ఇది ఎంత సిగ్గుగా ఉంటుందో సాటి ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అప్పుడు మా మేనల్లుడు పట్నంనుంచి ఒక సీసా తెచ్చి ఇచ్చినాడు. “మామయ్యా, మెదడుకు తుప్పు పడుతుందట. ఈ మాత్రలు దాన్ని వదలగొడతాయి. పూటకొకటి వేసుకోండి” అన్నాడు. సీసామీద ‘యాంటీ ఆక్సిడెంట్’ అని పెద్ద అక్షరాలు, ప్రక్కన ఆకుపచ్చని ఆకు బొమ్మ. వెల పన్నెండువందలు. వాడి ప్రేమను నేను కాదనలేకపోయినాను. నాలుగు నెలలు వేసుకొన్నాను. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఆ నాలుగు నెలలూ డాక్టరు దగ్గరకు పోలేదు. మందు వేసుకొంటూనే ఉన్నాను గదా అని. చివరకు మా ఇంటావిడ పట్టుబట్టి తీసుకొనిపోతే, ఆ డాక్టరుగారు సీసాను అటూ ఇటూ త్రిప్పి చూచి ఇట్లా అన్నారు: “మాస్టారూ, దీనిమీద వ్రాసిన సిద్ధాంతంలో కొంత నిజమే ఉన్నది. లోపలి మాత్రకు మాత్రం ఆ నిజంతో చుట్టరికం తక్కువ.”

ఆ మాట నన్ను పట్టుకొన్నది. శాస్త్రం నా విషయం కాదు. పద్యం చెప్పుకొని బ్రతికేవాణ్ణి. అయినా తేరుకొన్న తరువాత, మా కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని కొంత చదివినాను. అర్థమైనంతవరకు ఇక్కడ చెపుతాను.

కథ గాలితో మొదలవుతుంది. 1774లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరస భస్మం మీదికి భూతద్దంతో ఎండను కేంద్రీకరించి ఒక వాయువును పుట్టించినాడు. (స్వీడనులో షీలే అంతకు ముందే దానిని కనుగొన్నాడు గాని, అచ్చులోకి ఆలస్యంగా వచ్చినాడు.) ఆ వాయువులో కొవ్వొత్తి దేదీప్యమానంగా వెలిగినది. మూసిన పాత్రలో, అంతే కొలత మామూలు గాలిలో బ్రతకగల దానికంటె ఎక్కువసేపు ఎలుక బ్రతికినది. తానూ పీల్చి చూచినాడు. రొమ్ము తేలికైనట్లు తోచినదట. ఇంత సంతోషంలోనూ ఆయనకు ఒక అనుమానం కలిగినది. ఈ గాలిలో కొవ్వొత్తి త్వరగా కాలిపోతున్నట్లే, దీనినే పీల్చి బ్రతికే మనిషి కూడా త్వరగా కాలిపోడు గదా అని. ఆయన మతాచార్యుడు కూడా; అందుచేత, ప్రకృతి మనకిచ్చిన మామూలు గాలే మన యోగ్యతకు తగినదేమో నని సమాధానపడినాడు.

పారిస్‌లో లావోయిజియే ఆ వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టి, ఊపిరి తీయడమంటే నిదానంగా జరిగే దహనమేనని చూపినాడు. గినీపందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగినదో, అది విడిచిన బొగ్గుపులుసు గాలి ఎంతో లెక్కగట్టి, కాలే బొగ్గుతో పోల్చి చూచినాడు. అంతటివానిని 1794లో విప్లవకారులు తల తీసివేసినారు. మన పాత తెలుగు పాఠ్యపుస్తకాలలో ఈ వాయువుకు ఆమ్లజని అనీ, ప్రాణవాయువు అనీ రెండు పేర్లు ఉండేవి. మొదటిది లావోయిజియే పెట్టిన పేరుకు అనువాదం. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమని ఆయన పొరపడినాడు. పొరపాటును తరువాతివారు దిద్దినారు గాని పేరు నిలిచిపోయినది. రెండవ పేరు చాలా అందమైనది. అంత అందంగా ఉండడం వల్లనే గాబోలు, ప్రాణవాయువు ప్రాణం తీయగలదన్న సంగతి మన చెవికి ఎక్కదు.

1878లో పాల్ బెర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చిన జంతువులకు మూర్ఛలు వస్తాయని ప్రకటించినాడు. అంటే ఆ విషం మెదడును పట్టుకొన్నదన్నమాట. ఎందుకో చాలా కాలం తెలియలేదు. 1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రజ్ఞురాలు, డేనియల్ గిల్బర్ట్ తదితరులు, ఆక్సిజన్ చేసే హానికీ ఎక్స్ కిరణాలు చేసే హానికీ మూలం ఒక్కటేనని సూచించినారు. ఆ మూలానికి స్వేచ్ఛా ప్రాతిపదికలని పేరు.

పేరు చూచి భయపడనక్కరలేదు. అణువులలోని ఎలక్ట్రానులు జంటలుగా ఉండడం రివాజు. ఏ కారణం చేతనో ఒక ఎలక్ట్రాను జంట లేక మిగిలిపోతే ఆ అణువుకు స్థిమితం ఉండదు. ప్రక్కవానినుంచి ఒకదానిని లాక్కొంటుంది. అప్పుడు ప్రక్కవాడు అదే స్థితిలో పడతాడు. పెండ్లి బంతిలో విస్తరి దక్కనివాడొకడు ప్రక్కవాని విస్తరి లాక్కొన్నాడనుకోండి; వాడు తన ప్రక్కవానిది లాక్కొంటాడు; బంతి చివరిదాకా రచ్చే. మూత పెట్టకుండా చాలా రోజులుంచిన నూనెకు కనరు వాసన వస్తుంది గదా, ఆ నూనెలో జరిగినది ఈ రచ్చయే. ఇది నిలవాలంటే, తన విస్తరిని ఇచ్చివేసి, ఇంకొకరిది లాక్కోకుండా ప్రక్కకు తప్పుకొని నిలబడగల పెద్దమనిషి బంతిలో ఒకడుండాలి. విటమిన్ ఇ అటువంటి పెద్దమనిషి. ఆయనకు మరల విస్తరి వేయించేది విటమిన్ సి. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాటకు అర్థం ఇదే. పత్రికలలో దీనికి ‘అనామ్లజనకం’ అని వ్రాస్తున్నారు; ఆమ్లాన్ని పుట్టించనిది అని అర్థం వచ్చే ఆ మాటను వ్యాకరణం ఒప్పుకొన్నా రసాయనశాస్త్రం ఒప్పుకోదు. నేను ఇంగ్లీషు మాటనే వాడుతాను.

మన ఒంటిలో ఈ రచ్చ పుట్టేది ఎక్కడ? సరిగా దీపం వెలిగేచోటనే. దాదాపు ప్రతి కణంలోను మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిలున్నవి. మనం తిన్న అన్నంలోని ఎలక్ట్రానులు అక్కడ మెట్టు మెట్టుగా దిగి, చివర ఆక్సిజనుతో కలిసి నీరవుతవి. ఆ దిగడంలో విడుదలయ్యే శక్తిని కణం ఏటీపీ అనే పదార్థంగా మార్చుకొని ఖర్చుపెట్టుకొంటుంది. దానిని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరంనుంచి వేరుచేసినవారు, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు. మందులను గురించి సుబ్బారావుగారిని తలచుకొనేవారు ఉన్నారు గాని, మనం పీల్చే ప్రతి ఊపిరీ చివరకు చేరే ఈ నాణేన్ని గురించి తలచుకొనేవారు తక్కువ.

మెట్లు దిగే ఎలక్ట్రానులలో కొన్ని కాలు జారుతవి. జారినది ఆక్సిజను అణువు మీద ఒంటరిగా వాలితే సూపరాక్సైడ్ అనే ప్రాతిపదిక పుడుతుంది. దానినుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇనుము తోడైతే దానినుంచి అన్నిటికంటె దుడుకైన హైడ్రాక్సిల్ ప్రాతిపదిక. దీపం ఉన్నచోట మసి తప్పదు. మసి తుడిచేవారు కూడా ఇంట్లోనే ఉన్నారు. 1969లో అమెరికాలో జో మెక్కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు, సూపరాక్సైడును అణచివేయడమే పనిగా ఉన్న ఎంజైమును కనుగొన్నారు. కాటలేజ్, గ్లూటాథయోన్ వంటివి మిగిలిన పని చేస్తవి. పుట్టే మసికి తుడిచే చేయి చాలనప్పుడు ఏర్పడే స్థితికి 1985లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ ఇచ్చిన నిర్వచనంతో ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అన్న పేరు శాస్త్రలోకంలో స్థిరపడినది.

ఇక మెదడు. దాని బరువు ఒంటి బరువులో నూటికి సుమారు రెండు పాళ్ళు. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకొనే ఆక్సిజనులో మాత్రం దాదాపు నూటికి ఇరవై పాళ్ళు దానికే. ఏభై ఇళ్ళున్న ఊరిలో పది ఇళ్ళకు సరిపోయే నూనెను ఒక్క ఇల్లే తగలబెడుతున్నట్లు. అక్కడ మసి ఎక్కువగా ఉండడంలో వింత లేదు. పైగా ఆ ఇల్లు నిప్పంటుకొనే సరుకుతో కట్టినది. నీటిని మినహాయిస్తే మెదడులో సగానికి పైగా క్రొవ్వే. అందులోను త్వరగా కనరెక్కే రకం, చేపనూనెలో ఉండే రకం, మెండు. ఇనుము చాలినంత ఉన్నది. మసి తుడిచే కాటలేజ్ మాత్రం కాలేయంలో ఉన్నంత లేదు. చర్మంలో కణం చెడితే క్రొత్తది పుడుతుంది. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో చాలా భాగం మనతోపాటు పుట్టి మనతోపాటు పోయేవే.

కుంగుబాటుకు దీనితో ఏమి పని అంటారా? కనరెక్కిన క్రొవ్వు విరిగినప్పుడు కొన్ని పదార్థాలు మిగులుతవి. వాటిని రక్తంలోను మూత్రంలోను కొలవవచ్చును. డిఎన్ఎ దెబ్బతిన్నచోట కణం కత్తిరించి పారవేసిన ముక్కలను కూడా కొలవవచ్చును. కుంగుబాటు ఉన్నవారిలోను లేనివారిలోను వీటిని కొలిచిన పరిశోధనలు అనేకం వచ్చినవి. 2015 ప్రాంతంలో వాటినన్నిటినీ కలిపి లెక్కగట్టిన సమీక్షలు వెలువడినవి. సగటున, రోగులలో ఈ గుర్తులు ఎక్కువగాను, ప్రతిఘటించే శక్తి తక్కువగాను ఉన్నట్లు తేలినది. చికిత్స జరిగిన తరువాత కొన్ని గుర్తులు తగ్గుముఖం పట్టినవి కూడా.

మరొక సాక్ష్యం నాకు ఇంతకంటె బలంగా తోచినది. కొన్నేళ్ళ క్రిందటిదాకా హెపటైటిస్ సి అనే కాలేయ వ్యాధికి ఇంటర్‌ఫెరాన్ సూదులు ఇచ్చేవారు. వైరస్‌ను ఎదుర్కొనేటప్పుడు మన శరీరం తానే తయారుచేసుకొనే పదార్థమది. ఆ సూదులు పుచ్చుకొన్నవారిలో చెప్పుకోదగినంతమంది, అంతకు ముందు ఏ దిగులూ ఎరుగనివారు కూడా, కొద్ది వారాలలో నిజమైన కుంగుబాటులో పడిపోయినారు. జ్వరం వచ్చినప్పుడు మనకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అన్నం సహించదు, ఒక మూలను ముడుచుకొని పడుకోవాలనిపిస్తుంది. ఆ మూల తాత్కాలికం. రోగ నిరోధక యంత్రాంగం ఆగకుండా పనిచేస్తూ పోతే ఆ మూలయే స్థిరనివాసమవుతుందేమో. తెల్ల రక్తకణాలు శత్రువును చంపేది కూడా ఈ సూపరాక్సైడుతోనే కాబట్టి, లోపలి వాపూ, ఆక్సీకరణ ఒత్తిడీ ఒకదానినొకటి ఎగదోసుకొంటవి.

భరతుని పట్టికలో నిర్వేదం సరసన వ్యాధి ఎందుకున్నదని అడిగే విద్యార్థికి ఇప్పుడు నేను ఈ సంగతి చెపుతున్నాను. భరతునికి ఇంటర్‌ఫెరాన్ తెలుసునని కాదు. ప్రతి క్రొత్త సంగతీ మన పాత గ్రంథాలలో ముందే ఉన్నదని చెప్పుకొనే జబ్బు ఒకటి మనకు ఉన్నది. అది నాకు అంటలేదు. మనిషిని తేరిపార చూచినవాడు శరీరాన్నీ మనస్సునూ రెండు గదులలో పెట్టి నడుమ గొళ్ళెం వేయలేదని మాత్రమే నా మాట.

అయితే ఇంతటితో మా మేనల్లుడు గెలిచినట్లు కాదు. చెట్టు ముందా, విత్తు ముందా అన్న ప్రశ్న ఇక్కడ కూడా ఉన్నది. కుంగిపోయిన మనిషి సరిగా తినడు, నిద్రపోడు, నడవడు. పొగ త్రాగే అలవాటున్నవాడు ఇంకా ఎక్కువ త్రాగుతాడు. ఇవన్నీ ఆ గుర్తులను పెంచేవే. ఆ గుర్తులు మధుమేహంలోను, గుండె జబ్బులోను కూడా పెరుగుతవి. పైగా కొలిచినది రక్తంలో, మూత్రంలో. జబ్బు ఉన్నది మెదడులో. అందుచేతనే కుంగుబాటును నిర్ణయించే రక్తపరీక్ష నేటికీ లేదు. ఆక్సీకరణ ఒత్తిడి ఈ వ్యాధికి ఏకైక కారణమని ఎవరైనా చెపితే, సీసా అమ్ముతున్నాడేమో నని చూడవలసినదే.

ఏకైక కారణం మీద మనకు మోజు ఎక్కువ. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనయజిడ్ అనే మందు ఇచ్చి చూచినారు; మంచాన పడినవారికి విడ్డూరమైన ఉత్సాహం వచ్చినది. 1957 నాటికి నేథన్ క్లైన్ దానిని కుంగుబాటుకు వాడి ఫలితం చెప్పినాడు. ఆ మందు ఒక ఎంజైమును ఆపుతున్నది. డోపమైన్, సెరటోనిన్ వంటి నాడీ రసాయనాలను విరగగొట్టే ఎంజైము అది. విరగగొట్టినప్పుడల్లా కొంత హైడ్రోజన్ పెరాక్సైడును కూడా విడుస్తుంది. దీనినిబట్టి ఆ రసాయనాల లోటే కుంగుబాటని 1960లలో సిద్ధాంతం పుట్టినది. ఏభై ఏళ్ళు ఏలినది. 2022లో లండనునుంచి వచ్చిన ఒక పెద్ద సమీక్ష, సెరటోనిన్ లోటుకు నిలకడైన సాక్ష్యం లేదని తేల్చినది. అంటే మందులు పనిచేయవని అర్థం కాదు. ఆస్పిరిన్ వేసుకొంటే తలనొప్పి పోయినంత మాత్రాన తలనొప్పి ఆస్పిరిన్ లోటు కాదు గదా. సిద్ధాంతం వేరు, మందు పనిచేయడం వేరు. నా సీసా విషయంలో ఇదే తిరగబడినది: సిద్ధాంతంలో కొంత నిజం, మందులో సున్న.

ఎందుకు సున్న? ఇక్కడ నా దీపం ఉపమానాన్ని నేనే దిద్దుకోవాలి. మసిని మా అమ్మ ఊరక పారవేసేది కాదు. ఆముదపు దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నేతితో రంగరించి కాటుక చేసేది. శరీరం కూడా అంతే. హైడ్రోజన్ పెరాక్సైడును కొద్ది కొలతలో అది వార్తాహరునిగా వాడుకొంటున్నది. దెబ్బ తగులుతున్నది, రక్షణ పెంచుకో అని కణానికి చెప్పే కబురు అది. 2009లో జర్మనీలో నలభైమంది దాకా యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించినారు. సగంమందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానితోపాటు విటమిన్ ఇ ఇచ్చినారు. వ్యాయామం వలన ఇన్సులిన్ బాగా పనిచేయడమనే మేలు, మాత్రలు లేనివారికి దక్కినది. మాత్రలు వేసుకొన్నవారికి దక్కలేదు. కబురు తెచ్చేవానిని వాకిట్లోనే ఆపివేసినారు మరి.

ఇంతకంటె కఠినమైన పాఠం ఫిన్లండులో జరిగినది. పొగత్రాగే మగవారు 29,133 మందిని తీసుకొని, వారిలో కొందరికి ఏళ్ళ తరబడి బీటా కెరోటిన్ ఇచ్చినారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వెలువడినది: బీటా కెరోటిన్ తీసుకొన్నవారిలో ఆ క్యాన్సర్ నూటికి 18 పాళ్ళు పెరిగినది. అదే పదార్థం క్యారెట్టులోను, మునగాకులోను ఉన్నది. తింటే ఎవరికీ హాని లేదు. కూర వేరు, కూరనుంచి తీసి దట్టించిన మాత్ర వేరు.

కుంగుబాటు విషయంలో నిజాయితీగా పరీక్షించిన మందు ఒకటి ఉన్నది. దానిపేరు ఎన్-అసిటైల్ సిస్టీన్. పారాసెటమాల్ మోతాదు మించినవారికి విరుగుడుగా ఆసుపత్రులలో ఇచ్చేది. గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు అది. 2008లో ఆస్ట్రేలియాలో ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే రోగులకు మామూలు మందులతోపాటు దీనిని ఇస్తే గుణం కనిపించినది. 2014లో కేవలం కుంగుబాటు ఉన్న 252 మందిపై అదే ప్రయోగం చేస్తే, పన్నెండు వారాల చివర ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా నిలవలేదు. పరిశోధకులు ఆ మాట దాచకుండా ప్రకటించినారు. నాకు ఈ రెండవ వార్తే ఎక్కువ నచ్చినది.

నాకు ఉపమానంతో కూడా ఒక పేచీ ఉన్నది. తుప్పు పట్టిన ఇనుము తనను తాను బాగుచేసుకోదు. మెదడు అట్లా కాదు. చెడిన క్రొవ్వును మార్చుకొంటుంది, డిఎన్ఎను కుట్టుకొంటుంది, నాడుల నడుమ క్రొత్త ముడులు వేసుకొంటుంది. ‘తుప్పు పట్టినది’ అన్న మాట వింటే రోగికి, అయిపోయినది, ఇక నన్ను పాత సామాను కొట్టుకు వేయవలసినదే అనిపిస్తుంది. నాకు అట్లాగే అనిపించినది.

డాక్టరుగారు నాకు ఇచ్చిన మందు సామాన్యమైనది, నెలకు రెండువందల లోపు. “ఆరు వారాలు ఓపిక పట్టండి. మందుతోపాటు రోజూ వారానికి ఒకసారి వచ్చినట్లు కాక, రోజూ ఒకే వేళకు నడవండి” అన్నారు. ఏమి తినాలని మా ఇంటావిడ అడిగినది. 2017లో ఆస్ట్రేలియాలోనే 67 మందితో ఒక చిన్న ప్రయోగం జరిగినదట. కూరలు, పప్పులు, పండ్లు, చేపలు ఎక్కువగా తినేటట్లు పన్నెండు వారాలు దగ్గరుండి నేర్పినవారిలో మూడోవంతుమందికి వ్యాధి ఉపశమించినది. ఊరక పలకరించి కబుర్లు చెప్పినవారిలో పన్నెండింట ఒకరికి మాత్రమే. చిన్న ప్రయోగం, పైగా ఎవరు ఏమి తింటున్నారో వారికే తెలుసు. కాబట్టి దానిని మందుకు బదులుగా కాక, మందుతోపాటు పాటించమన్నారు. మా ఇంట పప్పూ తోటకూరా మామూలే గనుక పెద్ద విప్లవమేమీ రాలేదు.

నాలుగవ వారంలో నిద్ర పట్టినది. ఏడవ వారంలో కాగితాల కట్ట ఒకటి ఒక్క కూర్చోలులో దిద్దినాను. పద్యం మాత్రం ఇంకా చాలా రోజులు పట్టినది.

2019 అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 28 కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నది. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ సర్వేలో, మన దేశపు పెద్దలలో ఇరవైమందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దీని పాలబడినవారేనని తేలినది. అంటే అరవై మంది ఉన్న తల్లిదండ్రుల సమావేశంలో ముగ్గురు. ఉపాధ్యాయుల గదిలో కూడా ఆ లెక్క మారదు. రెండు వారాలకు మించి మనస్సు పడిపోయి ఉంటే వైద్యునికి చూపుకోవాలన్నది వైద్యులు పెట్టుకొన్న గడువు. నేను ఆరు నెలలు పైగా గడిపినాను, అందులో నాలుగు నెలలు ఆ ఆకు బొమ్మ పుణ్యం.

క్రిందటేడు వ్యభిచారి భావాల పాఠం మరల వచ్చినది. ఈసారి వ్యాధి దగ్గర ఆగి ఈ కథంతా చెప్పినాను. సీసా సంగతి కూడా దాచలేదు. పిల్లలు నవ్వినారు. గంట కొట్టిన తరువాత ఒక అమ్మాయి వెనుకకు నిలిచి, “మాస్టారూ, మా నాన్నగారు కూడా బడినుంచి వచ్చి పుస్తకం తెరిచి అట్లాగే కూర్చుంటున్నారు. ఏ డాక్టరు దగ్గరకు తీసుకొనిపోవాలి?” అని అడిగినది. వాళ్ళ నాన్నగారు హైస్కూలులో లెక్కల మాస్టారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు కూర్చునే రోజును, 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416ను కాగితం మీద వ్రాసి ఇచ్చినాను. ఆయన రానంటే ఏమి చేయాలని అడిగినది. నా పేరు చెప్పమన్నాను. మంగళవారం నాడు తండ్రీ కూతుళ్ళిద్దరూ బస్సు దిగి మా ఇంటికే ముందు వచ్చినారు. కాఫీ త్రాగి, ముగ్గురం కలిసి ఆసుపత్రికి నడిచినాము.